దొరువు గట్టున కుర్చీ

మొన్న ఒక చిన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది. పశువైద్య శాఖలో చేరి ఏడాది కూడా కాలేదు, అప్పుడే మత్తు తుపాకి చేతికిచ్చారట. "మేడం, నేల మీద మాటు వేసి కూర్చోవాలంటే ఏ కుర్చీ కొనమంటారు?" అని అడిగి, మూడు కుర్చీల ఫోటోలు పంపింది. ఒకదానికి కప్పు పెట్టుకునే జేబు కూడా ఉంది. టీ తాగడానికి వెళుతున్నావా తల్లీ, గొడ్డును పడగొట్టడానికా అని కసిరాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. అందరూ మందు మోతాదు అడుగుతారు, సూది పొడవు అడుగుతారు. కుర్చీ సంగతి అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఆ వయసులో నేను అడగలేదు. అడగనందుకు ఒక బర్రె ప్రాణం పోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు.

నేనిప్పుడు మనుబోలులో మా తమ్ముడి ఇంటి పక్కన ఉంటున్నాను. రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాను. కూర్చోవడానికి రోజంతా తీరికే, ఎదురుచూడ్డానికే ఏమీ లేదు. ఒక్కోసారి పొద్దున్నే మెలకువ వచ్చి, తుపాకి ఒళ్ళో లేదేమిటా అని చేతులు తడుముకుంటాయి. ఆ ఇసుక, ఆ సరుగుడు తోపుల హోరు, పక్కన ఊపిరి బిగబట్టుకుని కూర్చున్న మా అటెండరు రత్నం అన్న, ఇవన్నీ కావాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే పగలబడి నవ్వేదాన్ని.

చెట్టెక్కే వీలు లేని చోట

మత్తు తుపాకి అనగానే జనం పులుల్ని ఊహించుకుంటారు. కావలికి తూర్పున, సముద్రం వైపు ఒక పల్లె ఆసుపత్రిలో నేను పనిచేసిన కాలంలో ఆ తుపాకి పేల్చింది దాదాపు ఇంటి గొడ్ల మీదే. వేరుశనగ చేలల్లో పందులు పడుతున్నాయని రైతులు గట్ల మీద తీగ ఉచ్చులు పెడతారు. పెట్టకూడదు. పెట్టినవాడిని అడిగితే నేను పెట్టలేదంటాడు. ఆ ఉచ్చులో పంది పడేది తక్కువ, మేతకు పోయిన గొడ్డు కాలు పెట్టేది ఎక్కువ. గింజుకుని తీగ తెంపుకుంటుంది కానీ, తెగిన ముక్క కాలికి బిగిసి ఉండిపోతుంది. ఆ నొప్పితో అది మనిషి పొడ గిట్టకుండా సరుగుడు తోపుల్లో దూరుతుంది. పెంచిన చేతిని కూడా దగ్గరికి రానివ్వదు. తీగ రోజుకింత మాంసంలోకి దిగుతుంది. వారం దాటితే గిట్ట పోయినట్టే, గిట్ట పోతే గొడ్డు పోయినట్టే.

దాన్ని తరిమి పట్టలేం. నీళ్ళకు వచ్చే చోట మాటు వేయాలి. మంచె కడదామంటే సరుగుడు మాను నా చేతి లావు ఉంటుంది, మనిషిని మోయదు. కాబట్టి నేల మీదే, ఇసుకలో, ఇరవై అడుగులు వేస్తే అందేంత దూరంలో, గంటల తరబడి కూర్చోవాలి. అక్కడ నీళ్ళంటే దొరువే. ఇసుక నేలలో తవ్వుకున్న మంచినీటి గుంట అది. ఆడవాళ్ళు అందులోకి దిగి, కడవలు ముంచి, మొక్కలకు పోసుకుంటారు. నడిమధ్యన మనిషికి ఛాతీ లోతు ఉంటుంది.

నా తప్పు

సుబ్బమ్మకు ఉన్నవి కాస్త మిరప తోట, ఒక దొరువు, ఒక బర్రె. నాకంటే పదేళ్ళు పెద్దది. ఒకరోజు కొంగు నోట్లో కుక్కుకుని ఆసుపత్రికి వచ్చింది.

"నా బర్రె నా మాట ఇనడంలా డాక్టరమ్మా. కాలికి తీగ బిగిసిపోయి ఉండాది. పేరు పెట్టి పిలిస్తే పరిగెత్తతా ఉండాది. నన్ను చూసి పరిగెత్తతా ఉండాది!"

ఆమెకు బర్రె నొప్పి ఒక బాధ, అది తనని చూసి పారిపోవడం ఇంకో బాధ. రేపు సాయంత్రానికి నీ బర్రె నీ దగ్గరుంటుందక్కా అని మాటిచ్చాను. అలాంటి మాటలు ఇవ్వకండి. ఆ వయసులో నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

మర్నాడు ఆసుపత్రి వరండాలోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని సుబ్బమ్మ దొరువుకు బయల్దేరాను. రత్నం అన్న దాన్ని చేత్తో ఊపి చూసినాడు.

"ఇది కిర్రుమంటది డాక్టరమ్మా."

"కూర్చునేది నేను కదా అన్నా. నేను కదలను."

కదలనని ఎవరైనా అనుకోవచ్చు, ఒళ్ళు వినొద్దూ! ఆ కుర్చీ వెనక కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. వెనక్కి పడకుండా ఉండాలంటే ముందుకు వంగి, ఎడమ కాలు బిగించి కూర్చోవాలి. అలా రెండు గంటలు కూర్చున్నాను. నడుము లాగేసింది. కాలు తిమ్మిరెక్కి, నాది కాదేమో అన్నట్టు అయింది.

పొద్దు వాలే వేళకు బర్రె కుంటుకుంటూ వచ్చింది. దొరువు అంచున నిలబడింది. నీళ్ళ పక్కనున్న జంతువుకు మత్తు సూది వేయకూడదు. ఇది మొదటి పాఠం. సూది తగిలిన వెంటనే జంతువు పడదు, పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాల్లో అది తనకిష్టమైన చోటికి పోతుంది. బర్రె ఎక్కడికి పోతుందో బళ్ళో చదువుకునే పిల్లకాయను అడిగినా చెబుతాడు. నాకూ తెలుసు. తెలిసే, కాలు బాధ ఓర్చుకోలేక వేలెడంత జరిగాను. కుర్చీ కిర్రుమంది. బర్రె తలెత్తింది.

అది పారిపోతుందని భయపడి పేల్చాను అని చాలామందికి చెప్పాను. అది సగమే నిజం. ఎప్పుడెప్పుడు లేచి నిలబడదామా అన్న ఆత్రంతో పేల్చాను. అసలు నిజం అదీ.

సూది భుజానికి చక్కగా తగిలింది. బర్రె ఉలిక్కిపడి నేరుగా నీళ్ళలోకి దిగింది. మధ్యకు పోయి కాసేపు నిలబడింది. తరవాత మోకాళ్ళు మడిచింది. నా పక్కనున్న రత్నం అన్న బట్టలతోనే దూకి దాని మూతి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. మిరప తోటలోంచి పరిగెత్తుకొచ్చి నీళ్ళలో దిగిన సుబ్బమ్మ కొమ్ము పట్టుకుని, "లెయ్యే, లెయ్యే నా తల్లీ, లెయ్యే" అని అరుస్తోంది. నేను తాడు కోసం పరిగెత్తబోతే తిమ్మిరెక్కిన కాలు మడతపడి ఇసుకలో బోర్లా పడ్డాను. చేలల్లోంచి మనుషులు వచ్చి లాగేసరికి అయిపోయింది. ఆఖరికి అది సుబ్బమ్మ చేతుల్లోనే ఉండింది, దూరంగా పారిపోలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

మా పై అధికారి చెడ్డవాడు కాదు. నన్ను కాపాడదామనే చెప్పినాడు. "గొడ్డన్నాక పోతుంది డాక్టరమ్మా. ఆమె గడప తొక్కినారంటే తప్పు ఒప్పుకున్నట్టే. ఒక నెల ఊరుకోండి, వాళ్ళే మరిచిపోతారు."

నేను ఊరుకున్నాను. ఎంత మంచివాడు చెప్పినా సరే, ఈ సలహా మాత్రం వినకండి. బర్రెను చంపడం నా చేతకానితనం. ఆమె ఇంటికి పోకపోవడం పిరికితనం. రెండోదే పెద్ద తప్పు. నెల తరవాత సిగ్గు పట్టలేక వెళ్ళాను. ఆమె మిరపకాయలు కోస్తోంది. కిర్రుమన్న కుర్చీ, తిమ్మిరెక్కిన కాలు, నా తొందర, అన్నీ దాచకుండా చెప్పాను. ఆమె కోత ఆపలేదు.

"చెప్పినావు గదా. ఇంక పో," అంది.

తరవాత ఆమె ఒక పెయ్యను తెచ్చుకుంది. దానికి జబ్బు చేస్తే మా ఆసుపత్రి గేటు ముందు నుంచే నడిపించుకుంటూ పక్క ఊరి ఆసుపత్రికి తీసుకుపోయేది. ఎండలో, అంత దూరం! ఒక్కసారి ఆమె ఆ పెయ్య తాడు పట్టుకుని మా గేటులోకి తిరిగితే చాలని, కిటికీలోంచి చూస్తూ ఎన్నిసార్లు అనుకున్నానో. ఉద్యోగంలో నేను అంతగా కోరుకున్నది ఇంకొకటి లేదు.

రత్నం అన్న చేసిన కుర్చీ

బర్రె పోయిన వారానికి రత్నం అన్న తువ్వాలు తెచ్చి, నా మడమ నుంచి మోకాలి వెనక దాకా కొలిచి ముడి వేసుకున్నాడు.

"ఏందన్నా ఇది?"

"తప్పు మీ చేతిది కాదు డాక్టరమ్మా, నడుముది. నడుం నొస్తే ఎట్టాంటోడైనా తొందరపడతాడు. చర్చిలో బెంచీ దొరికిన ఆదివారం పాస్టరు గారు రెండు గంటలు చెప్పినా ఇంటాను. కింద కూచున్న ఆదివారం అర్ధగంటకే ఆమెన్ అనేస్తాను."

ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను.

ఆయన సాయంత్రాలు కూర్చుని ఆ కుర్చీ చేసినాడు. సరుగుడు కర్రల చట్రం. ఒక్క మేకు లేదు. మేకు కొట్టిన కర్ర ఎండకు ఎండి, మంచుకు నాని, నాలుగు నెలలకే వదులై మూలుగుతుంది. అందుకని కీళ్ళన్నీ నైలాన్ తాడుతో బిగించి కట్టినాడు. కూర్చునే చోట, వీపు ఆనించే చోట పాత చేపల వల మడతలు వేసి అల్లినాడు. ఆయన అత్తగారి వాళ్ళది బోగోలు దగ్గర సముద్రం ఒడ్డున పల్లె, వలకు కరువు లేదు. నాలుగు రోజులు నానబెట్టినా చేపల వాసన పోలేదు. పోకపోతే మానె, గాలి వచ్చేది సముద్రం మీది నుంచే కదా, గొడ్డుకు అది కొత్త కాదు అన్నాడు. నాలుగు కాళ్ళ కింద అరచేయంత చెక్కలు కట్టినాడు, ఇసుకలో దిగబడకుండా.

చిన్న డాక్టరమ్మా, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కుర్చీ ఎత్తు నీ మోకాలి కంటే నాలుగు వేళ్ళు తక్కువ ఉండాలి. అప్పుడు పాదాలు పూర్తిగా ఆనుతాయి, మోచేతులు మోకాళ్ళ మీద నిలుస్తాయి, తుపాకి బరువు భుజం మీద పడదు. చేతులు ఆనించే కర్రలు వద్దు, తుపాకి తిప్పేటప్పుడు తగులుతాయి. వీపు ఆనించే కర్ర భుజం రెక్కల కింది దాకా చాలు. ఇంకా పైకి ఉంటే నిద్ర వస్తుంది. నాకోసారి వచ్చింది, రత్నం అన్న గిల్లి లేపినాడు. రంగు వేయించకు, వాసన నెలల తరబడి పోదు. కుర్చీకి సంచి, సీసా, ఏదీ తగిలించకు. కొనే ముందు దుకాణంలో కాసేపు కూర్చుని బాగుందనుకోకు. ఇంటికి తెచ్చుకుని గంటసేపు కూర్చో, వెనక ఒకరిని కళ్ళు మూసుకుని నిలబడమను. నువ్వు కదిలిన ప్రతిసారీ వాళ్ళకు తెలిసిపోతుంటే ఆ కుర్చీ తిరిగి ఇచ్చెయ్యి.

కుర్చీ ఒక్కటే మౌనంగా ఉంటే చాలదు. గంజి పెట్టిన చీర గలగలలాడుతుంది. నేను ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరే కట్టేదాన్ని. గాజుల మీద చేతిరుమాలు చుట్టి కట్టుకునేదాన్ని. అది చూసి రత్నం అన్న, "గాజులకి కూడా కట్టు కట్టినారే, యాడ దెబ్బ తగిలిందో," అని ఆటపట్టించేవాడు.

ఆంబోతు

మరుసటి ఏడు ఒక ఆంబోతు కాలికి తీగ పడింది. దేవుడి పేరున అచ్చు వేసి వదిలిన గొడ్డు అది. ఎవరి చేలో పడినా ఎవరూ కొట్టరు, ఎవరూ తాడు వేయరు. ఇక మనిషి చెయ్యి దానికి అలవాటెక్కడిది? ముందు కాలికి తీగ దిగి, పురుగు పట్టింది. అప్పటికే అయిదు రోజులైంది. అది నీళ్ళు తాగేది ఒక్క చోటే, సుబ్బమ్మ దొరువులో.

పై అధికారి వేరే చోట ప్రయత్నించండి అన్నాడు. వేరే చోటికి రమ్మని ఆంబోతుకు చెప్పండి సార్ అన్నాను. రత్నం అన్న కుర్చీ నెత్తిన బోర్లించుకుని ముందు నడిచినాడు. నేను పోయి సుబ్బమ్మ ముందు నిలబడ్డాను.

"అక్కా, నీ దొరువు గట్టున కూర్చోవాల. నువ్వు వద్దంటే పోతాను."

ఆమె కుర్చీ వైపు చూసింది, నా వైపు చూడలేదు. "దేవుడి గొడ్డు కాబట్టి సరే అంటా ఉండా. కూచో. నేనూ ఈడ్నే ఉంటా."

నా వెనక, తాటాకు పాక నీడలో వచ్చి కూర్చుంది. వీపు మీద ఆమె చూపు తెలుస్తూనే ఉంది.

ఎండ తగ్గాక ఆంబోతు వచ్చింది. సరిగ్గా ఆ బర్రె నిలబడ్డ చోటే, అలాగే పక్కకు తిరిగి, అంచున నిలబడింది. గురి తప్పే అవకాశమే లేదు. తాగింది. తాగి, కుంటి కాలు నీళ్ళలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. చల్లదనానికి నొప్పి తగ్గుతోంది కాబోలు. నేను చూస్తున్నాను. అరగంట అయింది. పాదాలు నేల మీద నిండుగా ఉన్నాయి, నడుము తన పని తాను చేసుకుపోతోంది, వల నా బరువును మోస్తోంది. ఒళ్ళు సంగతే గుర్తు రాలేదు. గుర్తు రాకపోతే ఎంత ఓపిక వస్తుందో అప్పుడే తెలిసింది. చివరికి అది దొరువు దాటి, తోపులోకి పోయే ఇరుకు బాటలో పొదల మాటున మాయమైంది. సూది వేసే సందు దొరకలేదు.

సుబ్బమ్మ కడవ చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. వెలుగుండగానే రత్నం అన్న ముళ్ళ కంప కొట్టుకొచ్చి ఆ ఇరుకు బాటకు అడ్డం వేసినాడు, గొడ్డు బయటి ఇసుక మీదికి నడవాలని.

రెండో రోజు అది రానే లేదు. పై అధికారి ఫోన్ చేసి, "కుర్చీలో కూర్చోడానికా జీతం?" అని అడిగాడు. "అవును సార్, దానికే," అన్నాను. నా ఉద్యోగం గురించి నేను చెప్పిన అతి సరైన మాట అదేనేమో.

మూడో రోజు పొద్దున వచ్చింది. కాలు నేలకు ఆన్చడం లేదు. ఇంకో రోజు ఆగితే లాభం లేదని చూస్తేనే తెలుస్తోంది. తాగింది. నిలబడింది. నా వేలు మీట మీద ఉంది. నా వెనక సుబ్బమ్మ కూడా లేచి నిలబడ్డట్టుంది, ఇసుక కదిలిన చప్పుడైంది. పేల్చలేదు. ఆంబోతు తోపు వైపు తిరిగి, కంప చూసి ఆగి, విసుగ్గా బుస కొట్టి, ఇవతలి ఇసుక మీదికి ఎక్కింది. పది అడుగులు. ఇరవై. ముప్పై. నీళ్ళు దాని వెనక బాగా దూరమయ్యాక తొడ మీద సూది వేశాను.

అది ముందుకే పరిగెత్తింది, పొడి ఇసుకలోకి. ఊగింది. కూలబడింది. రత్నం అన్న "స్తోత్రం, స్తోత్రం" అనుకుంటూ పరిగెత్తి దాని కళ్ళ మీద తువ్వాలు కప్పినాడు. పక్కకు ఒరిగిపోకుండా దాని రొమ్ము నేలకు ఆనేలా కూర్చోబెట్టి, తాగిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోకుండా మూతి కిందికి వంచి పట్టుకున్నాడు. నేను తీగ కత్తిరించి, పురుగు తీసి, కడిగి, మందు పెట్టాను. ఎముకకు దిగలేదు. మత్తు దిగే సూది వేసి అందరం దూరంగా జరిగాం. కాసేపటికి అది లేచింది. మూడు కాళ్ళ మీద నిలబడింది. నాలుగోది మెల్లగా నేలకు ఆనించింది. మా వంక చూడనైనా చూడకుండా తన దారిన తాను పోయింది. దాన్ని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

రత్నం అన్న నాలుగేళ్ళ కిందట పోయినాడు. ఆ కుర్చీ ఆ ఆసుపత్రిలోనే వదిలి వచ్చాను. ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో, పొయ్యిలో పెట్టారో తెలియదు.

ఆంబోతు కాలి తీగ తీసిన ఆ రోజు నేను చేతులు కడుక్కోవడానికి దొరువు దగ్గరికి వెళ్ళాను. సుబ్బమ్మ అప్పటికే నీళ్ళలో నిలబడి ఉంది. ఆంబోతు పోయిన వైపు దండం పెట్టి, నా వైపు తిరిగింది. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మూడు దినాలు కూచున్నావు," అంది. "నా బర్రెకి కూడా ఇట్టా కూచోని ఉంటే ఎంత బాగుండు డాక్టరమ్మా."

"అవునక్కా," అన్నాను.

ఆమె కడవ ముంచుకుని మిరప మొక్కల్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ ఊళ్ళో ఇంకా మూడేళ్ళు పనిచేశాను. ఆమె పెయ్య పెరిగి బర్రె అయింది, ఈనింది. ఆమె దాన్ని మా గేటు ముందు నుంచే పక్క ఊరికి నడిపించుకుపోయింది, ప్రతిసారీ.